బందరు వెళ్ళొచ్చిన వేసవి

2005 మే నెలలో మా చిత్తూరు చర్చి యూత్ అంతా కలిసి బందరుకి, అదే మచిలీపట్నానికి, మిషన్ ట్రిప్ వెళ్ళాం. మొన్న మా పాత యూత్ వాట్సాప్ గ్రూపులో ఎవరో "బందరు గుర్తుందా" అని ఒక్క మాట పెట్టారు, అంతే, ఇక రాత్రంతా మెసేజ్‌లే. ఒకరికి గుర్తున్నది ఇంకొకరు ఒప్పుకోరు. "ఆ పాట నేను పాడాను" అని ఇద్దరు ఇప్పటికీ కొట్టుకుంటున్నారు. అందుకే నాకు గుర్తున్నంతవరకు నేను రాసిపెడుతున్నా, మిగతా వాళ్ళు కామెంట్లలో కొట్టుకోండి.

అసలు ఆ ట్రిప్ సునామీ వల్ల వచ్చింది. 2004 డిసెంబర్ 26, క్రిస్మస్ మర్నాడు, పైగా ఆదివారం. ఆరాధన అయిపోయి ఇళ్ళకొచ్చి టీవీ పెడితే నాగపట్నం, చెన్నై, ఎక్కడ చూసినా అదే. మన రాష్ట్రంలోనూ వందమందికి పైగా పోయారు, కృష్ణా జిల్లా తీరంలో కూడా. మా చర్చిలో వెంటనే బట్టలు పోగుచేశాం. ఎంత పోగైందో, అందులో ఎంత పనికొచ్చేదో నన్నడగొద్దు. జిప్పు లేని ప్యాంట్లు, మోకాళ్ళ దగ్గర చిరిగిన నైటీలు, ఒకాయన అయితే పెళ్ళినాటి కోటు ఇచ్చాడు. సముద్రం ఒడ్డున ఎండలో వలలు లాగే మనిషికి కోటు ఎందుకో ఆయనకే తెలియాలి. ఆ మూటలు పంపాక మా పాస్టరయ్యగారికి తెలిసిన బందరు పాస్టరుగారు ఉత్తరం రాశారు: బట్టలు చాలు, వేసవిలో మీ యూత్‌ని పంపండి, మత్స్యకారుల పిల్లలకి వీబీఎస్ (వేసవి సెలవుల బైబిల్ బడి) పెడదాం, పిల్లలు భయపడి ఉన్నారు, కాస్త ఆడి పాడిస్తే బాగుంటుంది అని.

మేం ఎగిరి గంతేశాం. మా బ్యాచ్‌లో సగం మంది సముద్రం చూడలేదు. అది లోపలి కారణం, పైకి మాత్రం అందరం "భారం కలిగింది", అంటే దేవుడే మనసులో పెట్టాడు, అనే చెప్పాం.

పాస్టరేట్ కమిటీ మీటింగులో మాకు అడ్డుపడిన మనిషి ఒక్కరే, మేం హెడ్మాస్టర్ తాత అని పిలిచే రిటైర్డ్ టీచరు. తెల్ల పంచె, జేబులో రెండు పెన్నులు, మెల్లగా మాట్లాడతాడు కానీ మాట్లాడితే చచ్చామనే. "అయ్యగారూ, వీళ్ళందరి రాను పోను ఛార్జీలు, తిండి ఖర్చు కలిపితే ఎంతయితాది? ఆ డబ్బుతో వలలు కొని పంపితే సరిపోదా? వీళ్ళు పోయి ఏం చేస్తారు, చప్పట్లు కొట్టి పాటలు పాడి వస్తారు" అన్నాడు. పాస్టరయ్యగారు గొంతు సవరించుకున్నారు. మేం గోడ వైపు చూశాం.

తాత అంతటితో వదల్లేదు. "మీరు ఎవరి ఊరికి పోతా ఉండారో తెలుసునా?" అని మొదలుపెట్టి, రాబర్ట్ నోబుల్ గురించి చెప్పాడు. 1841లో హెన్రీ ఫాక్స్ అనే స్నేహితుడితో కలిసి మచిలీపట్నం వచ్చిన ఇంగ్లండు పాదిరి. ఫాక్స్ ఆరోగ్యం చెడి ఇంటికి వెళ్ళి 1848లో చనిపోయాడు. నోబుల్ మాత్రం వెళ్ళలేదు. 1843లో స్కూలు పెట్టాడు, అదే తర్వాత నోబుల్ కాలేజీ. 1852లో ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మం తీసుకుంటే ఊరు ఊరంతా మండిపడి పిల్లల్ని మానిపించేసింది, స్కూలు ఖాళీ. అయినా కూర్చున్నాడు, మళ్ళీ పిల్లలొచ్చారు. 1865లో అక్కడే ప్రాణం విడిచాడు. ఒక్కసారి కూడా స్వదేశం పోలేదు. "మన ఆర్కాట్ మిషన్ సంగతీ అంతే కదా. 1853లో దాన్ని పెట్టిన స్కడ్డర్ అన్నదమ్ముల నాయన 1819లో సిలోనుకి వచ్చినాడు. వచ్చినోడు ఆయన ఒక్కడే కాదు, కొడుకులంతా ఈ దేశంలోనే పనిచేసినారు. అది మిషన్ అంటే. మీరు పోయేది టూరు. టూరని చెప్పండి, నేనే చందా ఇస్తా."

మా లీడర్ అన్నకి ముఖం ఎర్రబడింది. పాస్టరమ్మ లేచి "తాతా, టూరే అనుకోండి, చందా ఇవ్వండి" అన్నారు. నవ్వులు. తాత నిజంగానే ఇచ్చాడు, అందరికంటే ఎక్కువ. కానీ ఆ మాట మాత్రం మా వెంట బందరు దాకా వచ్చింది.

సామాను సంగతి చెప్పాలి. డోలక్, రెండు గిటార్లు, అందులో ఒకదానికి తీగలు నాలుగే, ఫ్లానెల్ బోర్డు, రంగు కాగితాల కట్టలు, బిస్కెట్ పెట్టెలు, దోమల బత్తీలు. వాటికి తోడు స్త్రీల మైత్రి వాళ్ళు రెండు గంపల మామిడికాయలు కట్టారు, పలమనేరు వైపు తోటవి. అప్పట్లో నూజివీడు ఉన్న జిల్లాకి మామిడికాయలు మోసుకుపోతున్నామని ఒక్కరికీ తోచలేదు. వద్దంటే వాళ్ళకి కోపం. మోసుకెళ్ళాం.

చిత్తూరు నుంచి బస్సులో తిరుపతి, అక్కడినుంచి రాత్రి రైలు. తిరుపతి స్టేషన్ మాకు కొత్త కాదు, కానీ ఆరోజు ప్లాట్‌ఫారం మీద మా గుంపు చూడాల్సిందే. చుట్టూ గుండ్లు, గంధం, గోవింద నామాలు, పసుపు బట్టలు. మధ్యలో మేం, "క్రీస్తు ప్రేమ" అని కాగితం అంటించిన డోలక్‌తో. ఎవరూ మా వైపు తిరిగి కూడా చూడలేదు. రైలు వచ్చేలోపు సీటు పట్టుకోవడం ఎట్లా అనే టెన్షన్ ముందు ఏ మతమైనా ఒకటే.

మా బెర్తుల ఎదురుగా ఒక కుటుంబం, కొండ దిగి వస్తున్నారు. పెద్దావిడ, కొడుకు, కోడలు, ఇద్దరు పిల్లలు, కోడలు తప్ప అందరికీ గుండు. పెద్దావిడ గుండుకి గంధం పూత ఇంకా తడిగా ఉంది, కిటికీ గాలికి ఆరి పొడిపొడిగా భుజాల మీద రాలుతుంటే చెంగుతో దులుపుకుంటూ కూర్చుంది. శ్రీకాళహస్తి దాటాక ఆవిడ సంచిలోంచి లడ్డు తీసి, కాగితం విప్పి, చిదిపి మా అందరికీ చేయి చాచింది. "తీసుకోండమ్మా, స్వామివారి ప్రసాదం."

మా వాళ్ళంతా బిగుసుకుపోయారు. మా చివరి బెర్తులో చిన్నపిల్ల సగం చేయి చాపి, లీడర్ అన్న చూపు చూసి వెనక్కి తీసుకుంది. ఆ క్షణం ఎంత సేపు సాగిందో! పాస్టరమ్మ ముందుకు జరిగి ఆవిడ చేతిని రెండు చేతులతో పట్టుకున్నారు. "పెద్దమ్మా, మేం తినకూడదమ్మా. ఏమీ అనుకోవద్దు. మా పులిహోర మీరు తినండి, ఇంట్లో చేసిందే." ఆవిడ ఏమీ అనుకోలేదు. "అనుకోడానికేముందమ్మా, మా వీధిలో కిరస్తానీలూ అంతే, పండక్కి అరిసెలు పంపితే తింటారు, ప్రసాదం అంటే వద్దంటారు. ఇంతకీ ఎక్కడిదాకా?" అంది. బందరు అంటే కొడుకు కూడా తిరిగి చూశాడు. వాళ్ళది పెడన. కలంకారీ అద్దకం పని. "మీరు మా ఊరికి, మేం మీ ఊరి నుంచి. పెడన వస్తే మా షెడ్డుకి రండి, కాఫీ తాగకుండా పంపను" అని అడ్రసు చెప్పింది. పులిహోర మొత్తం ఆవిడ మనవళ్ళు తినేశారు.

లైట్లు ఆర్పాక పై బెర్తుల్లో మా అబ్బాయిలు కొరింథీ మొదటి పత్రిక 8వ అధ్యాయం మీద వాదన పెట్టుకున్నారు. విగ్రహాలకి అర్పించింది తినొచ్చని పౌలు చెప్పాడా, ఎదుటివాడి మనస్సాక్షి కోసం మానమన్నాడా అని గూడూరులో మొదలైన వాదన నెల్లూరు దాటినా తెగలేదు. కింద పెద్దావిడ గుర్రు పెడుతోంది.

పొద్దున్నే విజయవాడలో దిగి బందరు ప్యాసింజర్ ఎక్కాం. గుడివాడ, గుడ్లవల్లేరు, పెడన, ఆ తర్వాత లైన్ అయిపోతుంది, బందరే ఆఖరు స్టేషన్. మా రాళ్ళ గుట్టల దేశం నుంచి వచ్చినవాళ్ళకి ఆ నేల చూస్తే నమ్మబుద్ధి కాలేదు. ఎక్కడా ఒక్క బండ లేదు! కాలువ, గట్టు, మళ్ళీ కాలువ.

బసలో ఇబ్బందులు చాలానే ఉన్నాయి, అన్నీ రాస్తే పాపం ఆతిథ్యం ఇచ్చినవాళ్ళని ఆడిపోసుకున్నట్టు ఉంటుంది. నీళ్ళు ఉప్పన, సబ్బు నురగ రాదు, రాత్రిళ్ళు కరెంటు లేదు, చెమట ఆరదు. చిత్తూరులో ఎండ ఉంటుంది కానీ చెట్టు కిందికి పోతే తప్పించుకోవచ్చు. బందరులో మే నెలలో చెట్టు కింద కూడా చొక్కా పిండుకోవాల్సిందే. తిండి మాత్రం బ్రహ్మాండం. ఆ చేపల పులుసు, ఆ రొయ్యల వేపుడు! మా బ్యాచ్‌లో ఒకడు మూడోరోజుకి "సంగటి దొరకదా" అని మొదలుపెట్టాడు, వాణ్ణి అందరం కలిసి తిట్టాం.

వీబీఎస్ గిలకలదిండి దగ్గర మత్స్యకారుల పేటలో. చిన్న చర్చి, రేకుల కప్పు, నేల మీద తాటాకు చాపలు. మేం మాట్లాడితే పిల్లలు ఒకరినొకరు చూసుకుని నవ్వేవాళ్ళు. "మీరు తమిళోళ్ళా అక్కా?" అని ఒక బుడ్డోడు అడిగాడు. కాదురా తెలుగోళ్ళమే అంటే నమ్మలేదు. యాక్షన్ సాంగ్‌లకి మాత్రం భాషతో పనిలేదు, రెండో పూటకే రేకులు ఎగిరిపోయేలా పాడారు.

రెండో పాఠమో మూడో పాఠమో, యేసు తుఫాను అణచిన కథ. చిత్తూరులో కూర్చుని ఎంతో కష్టపడి ఫ్లానెల్ బోర్డు మీదికి పడవ, అలలు, శిష్యులు కత్తిరించి పెట్టుకున్నాం. సునామీ చూసిన పిల్లలకి ఆ కథ చెప్పాలా వద్దా అని ముందురోజు రాత్రి పెద్ద చర్చ. చివరికి చెప్పాం. పిల్లలు భయపడతారేమో, ఏడుస్తారేమో అని మేం ఊపిరి బిగబట్టుకుంటే, వాళ్ళకి కథతో పేచీయే లేదు, పేచీ అంతా మా పడవతో. "అక్కా, అంత మంది ఎక్కితే ఆ పడవ మునిగిపోద్ది." "తెరచాప అట్టా కడితే గాలికి తిరగబడద్ది." "ఆయన వెనక నిద్రపోతే చుక్కాని ఎవరు పట్టుకున్నారు?" లీడర్ అన్న నోరు తెరిచి మూశాడు. అప్పుడొక పిల్ల, పదేళ్ళుంటాయేమో, ముక్కుకి ఎర్ర రాయి పుడక, లేచి చాలా మామూలుగా చెప్పింది. "సునామీ అప్పుడు మా నాన్న లోపలున్నాడు. ఆయనకేం తెలీనే లేదు. ఒడ్డున పెట్టిన వల పోయింది."

నిజమే. లోతు నీళ్ళలో ఉన్న పడవలకి ఆ అల తెలియనే తెలియదు, ఒడ్డు దగ్గర నీళ్ళు తగ్గేకొద్దీ అది లేస్తుంది. ఆ సంగతి నేను తర్వాత చదువుకున్నా. ఆ రోజు మాత్రం నాకు వినిపించింది "వల పోయింది" అనే మాటే. సాయంత్రం ఆ పిల్ల వాళ్ళింటికి వెళ్ళాం. తండ్రి గుమ్మం ముందు కూర్చుని వేరేవాళ్ళ వల బాగుచేస్తున్నాడు. కాలి బొటనవేలికి వల అంచు తగిలించి లాగి పట్టుకుని, నైలాన్ దారం చుట్టిన చిన్న కర్రని కన్ను కన్నులోంచి తిప్పుతూ ముడి మీద ముడి వేస్తుంటే, ఆయన చేతి వైపు చూడను కూడా చూడటం లేదు, మాతో మాట్లాడుతూనే ఉన్నాడు. సొంత వల లేదు కాబట్టి వేరేవాళ్ళ పడవలో కూలికి వెళ్తున్నాడు, వాటా సగానికి సగం తగ్గింది. పాస్టరమ్మ నా వైపు చూశారు. ఇద్దరికీ హెడ్మాస్టర్ తాతే గుర్తొచ్చాడు, పైకి అనుకోలేదు.

ఇక సముద్రం. మంగినపూడి తీసుకెళ్ళారు. సినిమాల్లో చూసిన తెల్ల ఇసుక ఊహించుకుని పోతే అక్కడ నల్ల బురద నేల, కాలు దిగబడుతుంది. అయినా సరే, మొదటిసారి చూస్తున్నాం కదా! మా డోలక్ తమ్ముడు పరుగెత్తుకెళ్ళి దోసిట నీళ్ళు తాగి "ఉప్పే" అని గట్టిగా ప్రకటించాడు, అక్కడికి బడిలో చెప్పింది అబద్ధమేమో అని అనుమానం ఉన్నట్టు. మాతో వచ్చిన పేట పిల్లలు మాత్రం మమ్మల్ని మోకాలు దాటి లోపలికి పోనివ్వలేదు. ఇంటి ముందే సముద్రం ఉన్న పిల్లలు వాళ్ళు. మా చెంగులు పట్టుకుని వెనక్కి లాగారు.

మధ్యలో ఒక పూట సెలవు దొరికితే బందరు పాస్టరుగారు ఊరు చూపించారు. బందరుకోట దగ్గర డచ్చి వాళ్ళ సమాధులు ఉన్నాయి. డచ్చి వాళ్ళు 1605లోనే ఇక్కడికొచ్చారు, ఇంగ్లీషువాళ్ళు 1611లో. గొల్లకొండ సుల్తానుల కాలంలో ఇది ఎంత పెద్ద రేవో, పక్కన మేకలు మేస్తున్న ఆ ఖాళీ నేల చూస్తే అస్సలు ఊహకి అందదు. నల్లరాతి పలకల మీద వంశచిహ్నాలు, పడవలు, అక్షరాలు ఇప్పటికీ పదునుగా ఉన్నాయి. మా గిటార్ అబ్బాయి వాటిని వేలితో తడిమి తడిమి చూశాడు. పాస్టరుగారు ఈ ఊరి సముద్రం గురించి చెప్తూ, 1864 నవంబర్ 1 రాత్రి తుఫాను ఉప్పెన లోపలికి వచ్చి ముప్పై వేల మందిని తీసుకుపోయిందని, అప్పటినుంచి ఊరు మళ్ళీ పాత బందరు కాలేదని చెప్పారు. ముప్పై వేలు! నోబుల్ అప్పటికి ఊళ్ళోనే ఉన్నాడు, తర్వాత ఏడాదే పోయాడు. హెడ్మాస్టర్ తాత ఆ ముక్క ఎందుకో మాకు చెప్పలేదు.

సెయింట్ మేరీస్ చర్చిలో అరబెల్లా రాబిన్సన్ కథ కూడా విన్నాం. 1809లో చనిపోయిన అమ్మాయి, ఆమె కోసం జాన్ పేటర్ అనే సైన్యాధికారి ఆ చర్చే కట్టించాడని, శవాన్ని అద్దాల పెట్టెలో ఉంచి రోజూ చూసుకునేవాడని అక్కడ చెప్పుకుంటారు. మా అమ్మాయిలకి ఈ కథ ఎంత నచ్చిందంటే, ఆ రాత్రి ప్రార్థనలో కూడా గుసగుసలు అదే. నోబుల్ కాలేజీ వేసవి సెలవులకి మూసి ఉంది, గేటు బయటే నిలబడి ఒక పాట పాడి వచ్చేశాం. వాచ్‌మన్ వింతగా చూశాడు.

తిరుగు ప్రయాణానికి ముందురోజు పెడన వెళ్ళాం. పెద్దావిడ మాట మీద నిలబడింది, కాఫీ, దానితో పాటు బందరు లడ్డు. షెడ్డులో గోనెసంచులు మెత్తగా పరిచిన పొడుగాటి బల్లలు, వాటి మీద కరక్కాయ నీళ్ళలో ముంచి ఆరేసిన పసుప్పచ్చ గుడ్డ. మా శ్రీకాళహస్తి కలంకారీ వెదురు కలంతో గీస్తారు, ఇక్కడంతా టేకు అచ్చులు. కొడుకు అచ్చుని రంగు తొట్టిలో అద్ది, గుడ్డ మీద పెట్టి, పిడికిలితో ఒక్క దెబ్బ, తీసి పక్కన, మళ్ళీ దెబ్బ. కొలబద్ద లేదు, గీత లేదు, అయినా తీగ తీగకి అతుక్కుంటూ పోతోంది. నల్లరంగు తుప్పుపట్టిన ఇనుము, బెల్లం కలిపి నానబెట్టింది, మూత తీస్తే ముక్కు మూసుకున్నాం. ఎర్ర రంగుకి మాత్రం అద్దేది పటిక నీళ్ళు. అద్దినప్పుడు దాదాపు ఏమీ కనిపించదు. మంజిష్ఠ వేసిన రాగి బానలో ఉడికిస్తే, పటిక తగిలిన చోట మాత్రమే ఎరుపు పట్టుకుని, తగలని చోట కడిగితే పోతుంది. బానలోంచి కర్రతో గుడ్డ పైకి లేపినప్పుడు, అప్పటిదాకా లేని పువ్వులన్నీ ఎర్రగా వచ్చేశాయి, మేం అందరం ఒకేసారి "ఓ" అన్నాం. పాస్టరమ్మ వదులుతారా, తర్వాత మూడేళ్ళు ప్రతి స్త్రీల మీటింగులో ఆ పటిక ప్రసంగమే.

చిత్తూరు వచ్చాక ఆదివారం రిపోర్టు చదవాలి. లీడర్ అన్న రాసింది నాకు ఇప్పటికీ గుర్తు: ఎంతమంది పిల్లలు వచ్చారు, ఎన్ని వాక్యాలు కంఠస్థం చేశారు, ఎంతమంది యేసుని నమ్ముతామని చేతులెత్తారు. రైల్లో పెద్దావిడ లేదు, పడవకి పిల్లలు పెట్టిన వంకలు లేవు. చదవడం అయిపోగానే తాత లేచాడు. అందరం అనుకున్నట్టే, "వలల సంగతి ఏమైంది?" అన్నాడు. ఈసారి పాస్టరమ్మ దగ్గర జవాబు ఉంది. ఆ పిల్ల గురించి, వాళ్ళ నాన్న గురించి, కాలి బొటనవేలితో సహా చెప్పారు. అక్కడికక్కడే కానుక పట్టారు. నా పక్కన కూర్చున్నావిడ, పైసా రాల్చదని పేరున్నావిడ, చెవికమ్మలు తీసి సంచిలో వేసింది. ఆ డబ్బు బందరు సంఘం ద్వారా వలలకే వెళ్ళింది, తాత దగ్గరుండి రసీదు తెప్పించాడు.

మేం చూసి వచ్చి చెప్పబట్టే ఆ కమ్మలు రాలాయని నేనంటాను. తాత బతికున్నంత కాలం ఒప్పుకోలేదు. "ఛార్జీల డబ్బు కూడా కలిపి ఉంటే ఇంకో రెండు వలలు వచ్చుండేవి" అనేవాడు. లెక్క ఆయనదే కరెక్టు. కానీ టూరైనా సరే, ఆ వయసులో మమ్మల్ని పంపినందుకు ఆ చర్చికి నేను ఈరోజుకీ కానుక ఆపలేదు, ఊరు మారినా మనియార్డరు నుంచి ఫోన్‌పే దాకా వచ్చాను.

ఇక అసలు పని. ఆ ట్రిప్‌లో ఉన్నది ఒక్కటే రీలు కెమెరా, డోలక్ తమ్ముడి మామది. కడిగించిన ఫొటోల్లో సమాధులవి నాలుగు, గిటార్ అబ్బాయి పోజులు పది, అంతే నా దగ్గరున్నవి. పెడన షెడ్డులో తీసినవి, పేటలో పిల్లలతో దిగిన గ్రూపు ఫొటో ఎవరి దగ్గరో ఉండిపోయాయి. నెగటివ్‌లు ఎవరింట్లో బీరువా మీద ఉన్నాయో చూసి చెప్పండి. స్కాన్ చేయించే ఖర్చు నాది.